ఫుట్‌బాల్ సారు మీద అర్జీ

జగిత్యాలలో నేను చదివిన కాలేజీకి ఒకప్పుడు ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఇప్పుడు ఈ మాట చెప్తే అదే కాలేజీలో చదివిన పిల్లలు కూడా నమ్మరు. మా వైపు ఆటంటే కబడ్డీ, లేకపోతే వాలీబాల్. ఫుట్‌బాల్ మాకు ఒకే ఒక్క మనిషి వల్ల వచ్చింది. వరంగల్ నుంచి ఒక ఫిజికల్ డైరెక్టర్ బదిలీ మీద వచ్చాడు. అందరం పీడీ సారు అనేవాళ్లం. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. క్లాసు గదుల వైపు నడిచేటప్పుడు కూడా మెడలో విజిల్ వేలాడుతూనే ఉండేది. వచ్చిన మొదటి నెలలోనే మైదానంలో తుమ్మకంప కొట్టించి, రెండు కొసలకూ వెదురుబొంగులతో గోలుపోస్టులు పాతించాడు.

నేను ఎన్నడూ ఆడలేదు. ఆడే ఒళ్లు కాదు నాది. డిగ్రీ రెండో ఏట ఊరికే గీత పక్కన నిలబడి చూడటం మొదలుపెట్టాను. చదువైపోయి, తహసీల్ ఆఫీసుకు ఎదురుగా టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నాక కూడా చూడటం మానలేదు. పగలంతా అర్జీలు, అఫిడవిట్లు, పాస్‌పోర్టు ఫారాలు కొట్టేవాణ్ణి. ఆ రోజుల్లో మా టైపు మిషన్లకు తిండి పెట్టింది దుబాయే. బోరు ఎండిపోయినవాడు, పంట పోయినవాడు, ఏమీ పోకపోయినా పక్కింటివాడు పోయాడని మనసు నిలవనివాడు, అందరూ నాలుగు ఫొటోలు పట్టుకొని వచ్చేవాళ్లు. సాయంత్రం కాగానే మిషన్ల మీద గుడ్డలు కప్పి మైదానానికి పోయేవాణ్ణి.

నాలాగా చూడటానికే వచ్చేవాళ్లం ఆరేడుగురం ఉండేవాళ్లం. అందరికంటే పెద్దవాడు వెల్గటూరు దిక్కు ఊరి నుంచి వచ్చే కల్లు గీసే మనిషి. ఆయన కొడుకు ఇంటర్ నుంచే మా కాలేజీలో చదువుతూ జట్టులో ముందు ఆడేవాడు. ఎడమకాలి ఆటగాడు. తండ్రి పొద్దున కల్లు దింపి, మ్యాచ్ ఉన్నరోజు బస్సెక్కి వచ్చేవాడు. నేను మామా అని పిలిచేవాణ్ణి. ఆయనకు ఆట తెలియదు. విజిల్ మోగినప్పుడల్లా నా భుజం పట్టుకొని, "గిది మనకు మంచిదా, చెడ్డదా?" అని అడిగేవాడు. మంచిదే అంటే తువ్వాలు తిప్పేవాడు, చెడ్డదంటే నేలమీద ఉమ్మేవాడు. ఆఫ్‌సైడ్ గురించి రెండేళ్లు చెప్పాను. రెండేళ్ల తర్వాత కూడా, "గాడు ముందుగాల ఉరికిపోతే తప్పేంది సారూ? ఎనక పడ్డోనిది గదా తప్పు!" అన్నాడు.

మూడు, నాలుగేళ్లు మా జట్టు బాగా ఆడింది. చుట్టుపక్కల ఫుట్‌బాల్ ఆడే కాలేజీలు కోరుట్లలో ఒకటి, సిరిసిల్లలో ఒకటి ఉండేవి. వానలు తగ్గాక ఒకసారి మేము వాళ్ల ఊరికి, ఒకసారి వాళ్లు మా ఊరికి వచ్చేవాళ్లు. మా వెనక వరుసలో కెప్టెన్ నిలబడితే అతన్ని దాటి బంతి పోయేది కాదు. గోల్‌కీపర్ చేతులు ఇంత పొడుగు. ముందు మామ కొడుకు. ఈ ముగ్గురూ ఉన్నంతకాలం మేము కోరుట్ల చేతిలో ఓడలేదు.

నా పెళ్లి కోరుట్ల సంబంధం. పెళ్లయిన ఏడు, మ్యాచ్ కోసం పోతూ నా భార్యను కూడా పుట్టింటికి తీసుకుపోయాను. వాళ్ల ఇల్లు ఆ మైదానానికి రెండు గల్లీల అవతల. మధ్యాహ్నం చూస్తే, ఇద్దరు అక్కచెల్లెళ్లను వెంటేసుకొని, బీడీల చాట కూడా తెచ్చుకొని, గోడ పక్క నీడలో కూర్చుంది. చేతులు బీడీలు చుడుతున్నాయి, నోరు మాత్రం కోరుట్ల కోసం అరుస్తోంది. ఆ రోజు మామ కొడుకు చివర్లో ఒక గోలు కొట్టాడు. మేము రెండు, వాళ్లు ఒకటి. తిరుగు బస్సులో నా భార్య కిటికీ వైపు ముఖం పెట్టుకుంది.

"గెలిచినోని పెండ్లానివి గదా, జర నవ్వు," అన్నాను.

"నేను కోరుట్ల బిడ్డను. గెలిచినోళ్లు మీ కాలేజోళ్లు. నాకేంది?" అంది. ఇల్లు చేరేదాకా అంతే.

తర్వాతి ఏడు సిరిసిల్ల జట్టు మా ఊరికి తొమ్మిది మందితో వచ్చింది. మేము మొదట బస్సు దొరకలేదేమో అనుకున్నాం. వాళ్ల సారు దిగి, పీడీ సారును పక్కకు పిలిచి మాట్లాడాడు. మిగిలిన పిల్లలు సాంచాలు, అంటే మరమగ్గాలు, బందైతే కుటుంబాలతో భివండి వెళ్లిపోయారట. ఇద్దరి పేర్లు జట్టు కాగితంలో ఉన్నాయి, మనుషులు లేరు. పీడీ సారు వచ్చి మావాళ్లలో ఇద్దరిని కూర్చోమన్నాడు. తొమ్మిది మందితో తొమ్మిది మంది ఆడారు. గీత పక్కన మేము గొణుక్కున్నాం. టికెట్టు లేని ఆటకు మా గొణుగుడు ఏమిటో ఇప్పుడు ఆలోచిస్తే అర్థం కాదు. పూర్తి ఆట చూడాలని వచ్చాం, సగం ఆట చూపించారన్నట్టు ఉంది మాకు. ఐదు గోల్స్‌తో గెలిచాం. ఎవరూ తువ్వాలు తిప్పలేదు.

ఆ చలికాలమే మా కెప్టెన్ దుబాయ్ పోయాడు. అతని అన్న అక్కడ ఉన్నాడు, వీసా పంపాడు. సంక్రాంతి సెలవులు అయి కాలేజీ తెరిచేసరికి అతను లేడు. వేసవిలో గోల్‌కీపర్ మస్కట్ పోయాడు. తర్వాత ఒకడు బహ్రెయిన్, ఇంకో ఇద్దరు మళ్లీ దుబాయ్. పీడీ సారు కబడ్డీ ఆడే పిల్లలను బుజ్జగించి తెచ్చాడు. వాళ్లు బంతిని వదిలేసి మనిషిని పట్టుకునేవాళ్లు. గోల్‌లో నిలబెట్టిన పిల్లవాడికి బంతి ముఖం మీదికి వస్తే కళ్లు మూసుకునే అలవాటు. ఆరేడుగురం ప్రేక్షకులం మాత్రం ఎక్కడికీ పోలేదు. మాకున్న పని కోపగించుకోవడం ఒక్కటే.

మొదట పిల్లల మీద అరిచాం. తర్వాత సారు మీద అరిచాం. ప్రాక్టీసు అవుతుండగా గీత పక్కన నిలబడి, "గానికి బంతి ఇయ్యకుండ్రి సార్, గానితోని కాదు!" అని చెప్పేవాళ్లం. నేనైతే ఒకరోజు ఎవరు ఎక్కడ ఆడాలో తెల్ల కాగితం మీద టైపు చేసి తీసుకుపోయి ఇచ్చాను. ఆయన దాన్ని శ్రద్ధగా చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిగుంది. గని గిండ్ల ఇద్దరు మొన్న బొంబాయి పోయిండ్రు. ఆణ్నుంచి ఫ్లైటు ఎక్కుతరు," అన్నాడు.

నాకు ఆయన మాట ఎగతాళిలాగా తగిలింది. ఇప్పుడు అలా అనిపించదు.

ఆ ఏడు కోరుట్లలో ఏడు గోల్స్ తేడాతో ఓడిపోయాం. మామ కొడుక్కి బంతి అందించేవాడే లేడు. మధ్య గీత దగ్గర నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. మామ నా పక్కన ఉన్నాడు కానీ ఆ రోజు ఏదీ అడగలేదు. మంచిదో చెడ్డదో ఆయనకే తెలుస్తోంది. నా భార్య ఆరోజూ వచ్చింది. ఏడో గోల్ తర్వాత చాట ఎత్తుకొని పుట్టింటికి పోయింది. సాయంత్రం భోజనం దగ్గర నన్ను వెక్కిరిస్తుందని కాచుకొని కూర్చున్నాను. ఆమె కూర వడ్డించి, "ఇంకింత ఏసుకో," అంది, అంతే. ఆ జాలే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మరుసటి వారం బస్టాండు ఎదుటి హోటల్లో మేమంతా కలిశాం. జిరాక్స్ షాపు నడిపే మిత్రుడు ఒక మాట తెచ్చాడు. పోయిన ఆటగాళ్లందరి పాస్‌పోర్టు కాగితాల మీదా పీడీ సారు సంతకమే ఉందట. ఏజెంటుతో కలిసి పిల్లలను పంపిస్తున్నాడని అతని అనుమానం. సంతకాల మాట నిజమే. ఆ కాగితాలు నా చేతి మీదుగా కూడా పోయాయి. ఫొటోల మీద గెజిటెడ్ ఆఫీసరు పెట్టే ఆకుపచ్చ సిరా సంతకం చాలాసార్లు ఆయనదే. నేను అవునన్నాను. ఆ ఫారాలు టైపు చేసింది నేనే అన్న సంగతి ఆ బల్ల దగ్గర నాకు గుర్తు రాలేదు, ఎవరికీ రాలేదు.

అర్జీ పెట్టాలని నిర్ణయమైంది. టైపు చేసేది నేనే కదా. ప్రిన్సిపాల్‌కు ఒకటి, పైఆఫీసుకు ఒకటి. ప్రాక్టీసు సరిగా చేయించడం లేదని రాశాను. ఆటగాళ్లను చదువు మధ్యలో గల్ఫ్‌కు ప్రోత్సహిస్తున్నాడని రాశాను. కాలేజీ పరువు పోయిందని రాశాను. మూడో మాట రాస్తున్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది కూడా. మంచి వాక్యం పడిందని రెండుసార్లు చదువుకున్నాను.

సంతకాలకు పేర్లు చాలవనిపించి మామను అడిగాం. ఆడే పిల్లవాడి తండ్రి సంతకం ఉంటే బరువుంటుందని నేనే అన్నాను. ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కాగితం చదివి వినిపించాను.

"అంటే నా కొడుకును సుత పంపిస్తడంటవా సారూ?"

"ఇప్పటికి ఇంతమంది పోయిండ్రు మామా. అందరి కాయితాల మీద ఆయన సంతకమే ఉంది. నా కండ్లతోని చూసిన."

ఆయన కాగితం తన వైపు తిప్పుకున్నాడు. "నాకు ఒక్కడే కొడుకు. వాడు డిగ్రీ పాసై ఈడనే ఏదన్న నౌకరీ చేస్తే సాలు," అని పెన్ను తీసుకున్నాడు. ఒక్కో అక్షరం దిద్దుకుంటూ పేరు రాశాడు. మొదటి సంతకం ఆయనది. నాది నాలుగోది.

రెండు నెలలకు పీడీ సారుకు సిరిసిల్ల బదిలీ అయ్యింది. మా అర్జీ వల్లనో, మామూలు బదిలీల్లోనో నాకు తెలియదు. ప్రిన్సిపాల్ మాత్రం దారిలో కనపడి, "మీరు కోరిందే అయ్యింది గదా," అన్నాడు. ఆ ముక్కతో మేము సంతోషించాం. హోటల్లో టీలు తెప్పించుకున్నాం. రాబోయే పీడీ హైదరాబాద్ మనిషైతే బాగుండునని ఒకరు, కేరళ మనిషైతే ఇంకా బాగుండునని ఒకరు అన్నారు.

ఎవరూ రాలేదు. ఆ పోస్టు ఖాళీగా ఉండిపోయింది. బంతులు స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు. ఆ ఏడు టోర్నమెంటుకు మా కాలేజీ పేరు పంపలేదు. వానాకాలంలో మైదానం మళ్లీ గడ్డి పట్టింది. వినాయక చవితికి పందిరి వేసేవాళ్లు గోలుపోస్టుల బొంగులు పీక్కుపోయారు. మేము ఆరేడుగురం మరికొన్నాళ్లు సాయంత్రాలు అక్కడికి పోయి నిలబడ్డాం. చూడటానికి ఏమీ లేక ఒక్కొక్కరం తగ్గిపోయాం.

ఆ చలికాలం మొదట్లో మామ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. ఇద్దరు అమ్మాయిలు టైపు నేర్చుకుంటున్నారు. వాళ్లు పోయేదాకా గోడకు ఆనుకొని నిలబడి, తర్వాత జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. కొడుకు ఫొటోలు.

"ఫారం కొట్టాలె సారూ."

"ఏం ఫారం మామా?"

"పాస్‌పోర్టుది."

నేను అడగకముందే ఆయనే చెప్పాడు.

"కాలేజీకి పోతలేడు. ఆట లేకపాయె, ఎందుకు పోవుడు అంటడు. ఇంట్ల కూసుంటున్నడు. తాటిచెట్లల్ల పాతిక దాక ఎండిపాయినయి, ఉన్నయాటి మీద ఇద్దరం ఎట్ల బతుకుతం? దోస్తులందరు ఆడనే ఉన్నరు. రమ్మని ఫోన్లు."

"డిగ్రీ అయిపోయినంక పోరాదా?"

"గదే సారూ." ఆయన గొంతు తగ్గించాడు. "గా పీడీ సారు వానితోని ఒట్టు పెట్టిచ్చుకున్నడట. ఆఖరి పరీక్ష రాసేదాక పాస్‌పోర్టు మాట ఎత్తద్దు, ఎత్తితె బంతి ముట్టనియ్య అన్నడట. మొన్న చెప్పిండు పోరడు. నాకు తెల్వకపాయె. గాయిన ఉంటె ఆపుతుండె."

నేను మిషన్‌లో కాగితం పెట్టాను. రోలర్ తిప్పడం తప్ప వేరే పని తోచలేదు.

"ఒక్క మాట సారూ. నేను సంతకం పెట్టిన సంగతి వానికి చెప్పకు."

చెప్పనన్నాను. ఫారం పూర్తి చేశాను. ఫొటోల మీద పచ్చ సంతకం ఎవరు పెడతారని అడిగితే ఒక ఆఫీసుకు పంపాను. అరగంటలో తిరిగి వచ్చాడు. అక్కడి ఆఫీసరు తల ఎత్తకుండానే పెట్టి ఇచ్చాడట. మార్చికి ముందే కొడుకు మస్కట్ పోయాడు. పరీక్షలకు అప్పుడు ఇంకా నెల ఉంది.

పీడీ సారును నేను తర్వాతి ఏడు సిరిసిల్లలో చూశాను. నా భార్య తరఫు చుట్టాల పెళ్లికి పోయాం. భోజనాలకు టైముందని వీధిలోకి వచ్చాను. పెళ్లింటి గల్లీలో సాంచాల చప్పుడు ఒక ఇంట్లో ఉంటే రెండు ఇళ్లల్లో లేదు. మలుపు తిరిగితే కాలేజీ గోడ, గోడ లోపల విజిల్. ఆ విజిల్ ఊదే పద్ధతి నాకు తెలుసు. వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. ఆయనే చూసి చెయ్యి ఊపాడు.

లోపల వాలీబాల్ ఆడిస్తున్నాడు.

"ఫుట్‌బాల్ ఇడిసిపెట్టిండ్రా సార్?" అన్నాను.

"పదకొండు మంది జమ అయితలేరు. గిదైతే ఆరుగురు సాలు." కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. నా ఇన్‌స్టిట్యూట్ గురించి అడిగాడు, కంప్యూటర్లు వస్తున్నాయి కదా నేర్చుకొమ్మన్నాడు. తర్వాత మామూలుగానే, "నీ సంతకం నాలుగోది," అన్నాడు.

నేను గ్లాసు కింద పెట్టాను.

"ప్రిన్సిపాల్ సారు సూపెట్టిండు. టైపు మంచిగ కొట్టినవు. ఒక్క తప్పు లేదు."

"సార్, మేం అప్పుడు..."

"ఫొటో మీద సంతకం పెట్టుమని పిల్లలు నా దగ్గరికి అస్తుండిరి. పెట్టకపోతే ఇంకొకల దగ్గరికి పోతరు. వాళ్లు పెడతరు. నా దగ్గరికి అస్తే కూసోబెట్టి, ఏం పని, ఎవలు తోల్కపోతున్నరు, వీసా కాయితం ఏది, అని అడిగే మోకా అన్న దొరికేది. ఇద్దరిని ఆపిన గట్ల. తక్కినోళ్లను ఆపలేకపోయిన." ఆ వెంటనే అడిగాడు, "ఆ ఎడమకాలోడు ఎట్లున్నడు?"

"పోయిండు సార్. మస్కట్."

"పరీక్ష రాసిండా?"

"లేదు సార్."

ఆయన మైదానం వైపు తిరిగాడు. ఒక పిల్లవాడు సర్వీసు వేస్తే బంతి గోడ అవతల పడింది. తెచ్చుకోవడానికి వాడు గోడెక్కి దూకి, మళ్లీ ఎక్కి వచ్చేదాకా ఆయన వాడినే చూశాడు.

"డిగ్రీ పూరా కానియ్యవలసింది. తప్పిన పేపరు కూడ ఏం లేకుండె. మంచిగ చదివేటోడు," అన్నాడు.

నేను తప్పు చేశామని అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోనట్టే ఉన్నాడు. "ఓడిపోతే కోపం రాదా? నాకూ అస్తుండె. మీరు తిట్టుకుంట అన్న అచ్చి నిలబడుతుండిరి. గీడ చూసెతందుకు ఒక్కడు రాడు," అని లేచి, విజిల్ నోట్లో పెట్టుకొని పిల్లల దగ్గరికి పోయాడు. నేను మరో పావుగంట గోడ పక్కన నిలబడి ఆట చూశాను. పెళ్లింట్లో నా భార్య ఎక్కడికి పోయావని అడిగితే జరిగింది చెప్పాను. ఆమె విని, కోరుట్లలో కూడా ఆ ఏడు జట్టు ఎత్తేశారని చెప్పింది. ఆడటానికి ఎదుటి జట్టు లేదట. తమ్ముడు చెబితే నెల కిందటే తెలిసిందట ఆమెకు. నాతో అనబుద్ధి కాలేదట.

మామ కొడుకు మూడేళ్లకు సెలవు మీద వచ్చాడు. తడిసి పాడైన పాస్‌పోర్టు మళ్లీ రాయించుకోవాలని ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. అప్పటికి నా దగ్గర రెండు కంప్యూటర్లు ఉన్నాయి. మనిషి కొంచెం లావయ్యాడు, ముఖం ఎండకు కమిలింది. క్యాంపులో శుక్రవారం నాడు ఆడతారట. కేరళవాళ్లు ఎక్కువ, వాళ్లదే పైచేయి అన్నాడు. మాటల్లో పీడీ సారు ప్రస్తావన వచ్చింది. నేను జాగ్రత్తగా మాట తప్పించబోయాను.

"నాయిన సంతకం సంగతి నాకెరుకే సార్," అన్నాడు.

"ఎవరు చెప్పిండ్రు?"

"పీడీ సారే. సారు బదిలీ మీద పోయే దినం నన్ను పిలిచి చెప్పిండు. మీ నాయిన నిన్ను పంపబుద్ధిగాక పెట్టిండు, ఇంట్ల ఏమనకు, అన్నడు. నేను అనలే. ఇప్పటిదాక అనలే."

"నాయినకు తెలుసా, నీకు తెలిసినట్టు?"

"తెల్వది. ఎందుకు సార్ ఇప్పుడు."

మిగిలిపోయిన పరీక్షలు ఇప్పుడు రాయొచ్చా అని అడిగాడు. కాలేజీలో కనుక్కున్నాను. సిలబస్ మారింది, మొత్తం మళ్లీ రాయాలన్నారు. ఆ పరీక్షలు ఏప్రిల్‌లో, అతని సెలవు ఫిబ్రవరి ఆఖరుకు అయిపోతుంది. సరే లెండి అన్నాడు. ఫారం నింపుతూ చదువు అన్న గడి దగ్గర నేను ఆగాను. అతను స్క్రీను వైపు వంగి చూసి, "ఇంటర్ అని కొట్టుండ్రి సార్," అన్నాడు. కొట్టి, కింది గడికి పోయాను.